పదిహేడేళ్ళకు మొదటి తగాదా

నా పెళ్ళయిన పదిహేడేళ్ళలో నేను ఇంట్లో గడిపిన రోజులు 1,241. సెలవు మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాసి పెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు కాబట్టి ఈ అంకెలో తేడా లేదు. ఏడాదికి సగటున డెబ్భై మూడు రోజులు, అంటే సరిగ్గా అయిదో వంతు. మిగతా నాలుగు వంతులూ సైన్యంలోని ఒక ఫిరంగుల దళంలో గడిచాయి. ఆ 1,241 రోజుల్లో నాకూ మా ఆవిడకూ జరిగిన తగాదాల సంఖ్య సున్నా.

ఈ సున్నా గురించి చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. బ్యారక్‌లో పక్క మంచం అతను ఫోను పట్టుకుని గోడవైపు తిరిగి భార్యతో గొణుగుతుంటే, మా ఇంట్లో ఇలాంటివి ఉండవు అనేవాణ్ణి. అతను నన్ను అదోలా చూసేవాడు. అందులో జాలి ఉందని నాకు నలభై మూడో ఏట, అమీర్‌పేటలో, మా ఆవిడ జాకెట్లు కుట్టే షాపు వెనక గదిలో తెలిసింది.

పదో తరగతితో చదువు ఆపేసి పందొమ్మిదో ఏట సైన్యంలో చేరాను. మొదట గుండ్లు మోసేవాణ్ణి. గుండు ఎంత దూరం పోవాలి, గొట్టం ఎంత పైకి లేపాలి, గాలికి ఎంత పక్కకు జరపాలి అని లెక్కగట్టేవాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళ టెంటు బయట కూచుని వాళ్ళు గట్టిగా చదివే అంకెలు రాసుకునేవాణ్ణి. అట్ట ఊడిపోయిన ఒక త్రికోణమితి పుస్తకం ఎవరో వదిలేసి వెళ్తే అది దగ్గర పెట్టుకుని, రెండేళ్ళలో ఆ అంకెలు ఎలా వస్తున్నాయో నాకు నేనే తేల్చుకున్నాను. తర్వాత పరీక్ష పెట్టి ఆ పనిలోకి తీసుకున్నారు. అప్పటినుంచీ లెక్క కట్టకుండా నేను మంచినీళ్ళు కూడా తాగలేదని మా అమ్మాయి అంటుంది.

ఇరవై నాలుగేళ్ళ సర్వీసు నిండబోతుండగా ఒక కాగితం చేతికిచ్చారు. ఇంకో రెండేళ్ళు పొడిగించుకుంటావా, లేక ఇంటికి పోతావా, రాసి సంతకం పెట్టాలి. అరవై రోజుల సెలవు మీద బయల్దేరుతుంటే మా సుబేదారు సాబ్ భుజం మీద చెయ్యి వేసి, నలభయ్యో రోజులోగా సంతకం చేసిన కాగితం ఫొటో తీసి పంపమన్నాడు. పొడిగించుకుంటే ప్రమోషన్ వచ్చే అవకాశం ఉందని, తొందరపడవద్దని కూడా అన్నాడు.

రెండేళ్ళే కదా అని మీకనిపించవచ్చు. మా అమ్మాయి అప్పుడు పదో తరగతిలో ఉంది, పంజాగుట్టలో ఒక బడిలో. ఇంటర్ రెండేళ్ళు మా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ఏ హాస్టలో, ఏ ఊరో. అంటే సైన్యం అడుగుతున్న రెండేళ్ళూ, మా అమ్మాయి ఇంట్లో ఉండే చివరి రెండేళ్ళూ ఒకటే.

డబ్బు లెక్క మా ఆవిడ అంతకుముందే తేల్చేసింది, ఎటైనా గడుస్తుందని. కాబట్టి దాని గురించి ఇక్కడ రాయను. నాకు తేలనిది వేరే ఉంది. సెలవు మొదటి వారంలో గీతల నోటుబుక్కులో ఒక పట్టిక వేశాను. పన్నెండు అంశాలు. ఒక్కోదానికి పది మార్కులు. వాటిని 'ఉండిపోవడం', 'వచ్చేయడం' అనే రెండు వైపులకూ పంచాను. ఆరోగ్యం, అమ్మాయి చదువు, ప్రమోషన్, బయట ఉద్యోగం దొరకడం, ఇలా. మొత్తం నూట ఇరవైలో ఉండిపోవడానికి 61, వచ్చేయడానికి 59 వచ్చాయి. ఒక్క మార్కు అటునుంచి ఇటు జరిపితే సమానం. రెండు జరిపితే తారుమారు. కానీ జవాబు కోసం మార్కులు జరిపేవాడు లెక్కలు చేయకూడదు.

వచ్చేయడానికి అన్నిటికంటే తక్కువ మార్కులు వేసిన అంశం 'ఇంట్లో నా అవసరం'. ఎనిమిది అటు, రెండు ఇటు. ఇది ఊరికే వేసింది కాదు. వారం రోజులపాటు, ఇంట్లో ఎవరు నన్ను ఏ పని అడిగినా ఒక గీత పెట్టుకున్నాను. మొత్తం అయిదు గీతలు. అందులో మూడు పై అరలో డబ్బా అందుకోవడానికి. షాపు వెనక రెండు గదులే మా ఇల్లు. నీళ్ళ మోటారు ఎప్పుడు వేయాలో, అమ్మాయి బడిలో మీటింగు ఎప్పుడో, కరెంటు పోతే ఏ ఫ్యూజు చూడాలో అన్నీ ఆ ఇద్దరికీ తెలుసు. నాకు మాత్రం దిగిన రోజు కోడికూర, మర్నాడు బగారన్నం, మంచి కంచం, ఫ్యాను కింద చోటు. నేను మంచం మీదనుంచి లేస్తే, ఏం కావాలని ఇద్దరూ ఒకేసారి అడిగేవారు. చుట్టానికి ఇంతకంటే మర్యాద ఎవరూ చేయరు.

'బయట నా లెక్క పనికొస్తుందా' అనేది ఇంకో అంశం. దానికి మార్కులు వేయడం కోసం మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌కు పోయాను. బ్యాంకు పరీక్షలకు ఉచిత డెమో క్లాసు. నూట పదిమంది పట్టే గదిలో నూట అరవై మంది ఉన్నారు. సారు బోర్డు మీద గడియారం బొమ్మ గీసి, మూడు గంటలప్పుడు రెండు ముళ్ళ మధ్య కోణం ఎంత అని అడిగాడు. చిన్నపిల్లల ప్రశ్న. అందరికంటే ముందు నేను చెయ్యెత్తాను.

“పదహారు వందలు” అన్నాను.

గదిలో అందరూ నవ్వారు. ఫిరంగులవాళ్ళకు చుట్టూ తిరిగితే మూడు వందల అరవై కాదు, ఆరు వేల నాలుగు వందలు. గురి చిన్న తేడాతో తప్పిపోకుండా వృత్తాన్ని అన్ని ముక్కలు చేస్తారు. అందులో నాలుగో వంతు పదహారు వందలు. ఇరవై రెండేళ్ళుగా నాకు లంబకోణం అంటే అంతే. తొంభై అనేది మరిచిపోలేదు కానీ, నోటికి అది రాలేదు.

లేచి ఈ సంగతి చెప్పాను. నా పక్కన కూచున్నతను, పాతికేళ్ళుంటాయేమో, “అంకుల్, సారుకు సుత తెల్వని లెక్క తెచ్చినవ్” అన్నాడు. సారు నవ్వి, “పరీక్షలో మాత్రం తొంభై పెట్టన్నా, జర” అన్నాడు. క్లాసయ్యాక నలుగురైదుగురు నన్ను చుట్టుముట్టి, ఆ లెక్కతో ఏం చేస్తారని అడిగారు. చెయ్యి చాచి బొటనవేలు అడ్డం పెట్టి, కిటికీలోంచి కనబడే మెట్రో స్తంభం ఎంత దూరంలో ఉందో చెప్పాను. ఒకడు ఫోన్లో మ్యాపు తీసి చూసి, ఎనిమిది మీటర్లు తేడా అన్నాడు. మ్యాపే తప్పు అయ్యుండవచ్చని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి ఆ అంశానికి ఆరు అటు, నాలుగు ఇటు వేశాను.

అట్లా ముప్పై మూడు రోజులు గడిచాయి. ముప్పై నాలుగో రోజు శుక్రవారం.

మా ఆవిడ పొద్దున్నే లైనింగ్ గుడ్డకోసం జనరల్ బజార్ వెళ్ళింది. షాపులో నేనూ, హుక్కులు కుట్టే పెద్దమ్మా ఉన్నాం. పెద్దమ్మది మా అత్తగారి ఊరే, మగ్గాల ఊరు. నన్ను అల్లుడా అని పిలుస్తుంది. పెళ్ళిళ్ళ సీజను. కుట్టినవీ, సగం కుట్టినవీ కలిపి అరవై నాలుగు జాకెట్లు, ఒక్కోటి దాని ఆది జాకెట్టుతో కలిపి కవరులో పెట్టి, రెండు ఇనప కడ్డీలకు వేలాడుతున్నాయి. కవరు మీద చీటీ, చీటీ మీద పేరులో మొదటి అక్షరం, కొలతలు. నేను వాటిని అరగంట చూశాను. ముప్పై ఆరు పక్కన ముప్పై, దాని పక్కన నలభై నాలుగు. ఒక వరస లేదు, పద్ధతి లేదు.

సైన్యంలో కొత్తవాళ్ళకు మొదటి రోజు చెప్పే మాట 'లంబా దాహినే, ఛోటా బాయేఁ'. పొడుగువాడు కుడివైపు, పొట్టివాడు ఎడమవైపు. ఎంతమందినైనా రెండు నిమిషాల్లో చూడచక్కగా నిలబెట్టవచ్చు. నేను కవర్లన్నీ దింపి, ఛాతీ కొలత ప్రకారం సర్దాను. కుడి చివర నలభై ఆరు, ఎడమ చివర ఇరవై ఎనిమిది. హ్యాంగర్ల మధ్య రెండేసి అంగుళాల ఎడం. గంటా పది నిమిషాలు పట్టింది.

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ అంతా చూసింది. “అల్లుడా, మా బిడ్డనడిగినవా?” అంది.

“ఆమెకు ఆసాన్ అయితది పెద్దమ్మా.”

“అయితదిలే” అని మళ్ళీ హుక్కుల్లో పడింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు మా ఆవిడ వచ్చింది. వెనకాలే కృష్ణానగర్ నుంచి సినిమాల్లో చిన్న వేషాలు వేసే ఒకమ్మాయి. రాజమండ్రి వైపు మనిషి. రెండు గంటలకు షూటింగు, ఆకుపచ్చ జాకెట్టు కావాలంది. మా ఆవిడ కడ్డీవైపు చూడకుండానే ఎడమచేత్తో మూడో హ్యాంగరు అందుకుంది. వచ్చింది ముప్పై అంగుళాల గులాబీరంగు జాకెట్టు. అప్పుడు తలెత్తి చూసింది.

“ఇవెవరు ముట్టుకున్నరు?”

నేను మురిపెంగా నా పద్ధతి వివరించాను. ఆమె మొహం చూసి సగంలో ఆపాను.

“నేను రేపిచ్చేయి ముంగట పెట్టుకున్న, ఎల్లుండివి దాని ఎనక పెట్టుకున్న. హుక్కులు గావాల్సినయి కింది కడ్డీకి, ఫిట్టింగ్ చూసేటివి ఆ మూలకు. నువ్వు లావు సన్నం జేసి పెట్టినవా?”

“బుక్కు ఉన్నది గదా. అందుల తారీకులు చూసి మళ్ల పెడ్తా.”

“బుక్కుల ఉన్నది వాళ్లు చెప్పిన తారీకు. కడ్డీ మీదున్నది వాళ్లు నిజంగ వచ్చే తారీకు. బ్యాంకు మేడం ఇరవై అంటది, పద్దెనిమిదికే వచ్చి కూసుంటది. డాక్టరమ్మ పండుగ అంటది, పండుగ పోయినంక వస్తది. అది ఏ బుక్కుల రాసిపెట్టాలె?”

ఈ లెక్క నాకు తెలియదు. అరవై నలుగురు మనుషుల గుణాలను ఆమె రెండు కడ్డీల మీద వేలాడదీసుకుంది, నేను వాటిని ఛాతీ కొలతలకు తగ్గించేశాను.

ఆ అమ్మాయి కొలత ముప్పై నాలుగు. ఆ కొలతవి పదకొండు, అందులో ఆకుపచ్చవి అయిదు. షూటింగ్ అమ్మాయి గడప మీద నిలబడి, “ఏంటక్కా, ఇవాళ జాకెట్లన్నీ పరేడ్ చేస్తున్నాయి?” అంది. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక సూది గుచ్చుకుంది. జాకెట్టు దొరకడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి ఆటో ఎక్కేవరకు మా ఆవిడ మర్యాదగా ఉంది. తర్వాత మొదలుపెట్టింది.

“నిన్నెవరు సర్దమన్నరు? పెద్దమ్మ నీకు చెప్పలే? నీకు తోచకుంటే పోయి నిద్రవో. పదహారేండ్ల సంది నేను కట్టుకున్న షాపు గంటల ఆగం జేసినవ్. అదేం మిల్ట్రీ, అడిగేది లేదు చెప్పేది లేదు. ఇట్లనే పిరంగులు గాల్చిండ్రా?”

ఇస్త్రీ బండి అతను, పక్క షాపు ఫాల్స్ కుట్టే ఆమె, ఎదురుగా టీ తాగుతున్న ఇద్దరు కోచింగ్ పిల్లలు, అందరూ విన్నారు. నేను అటెన్షన్‌లో నిలబడి ఉన్నానని కాసేపటికి గమనించి, చేతులు వదులు చేసుకున్నాను. కోపం రావలసింది. రాలేదు. ఏదో తేలికగా అనిపించింది, అదేమిటో ఆ రోజు అర్థం కాలేదు. సాయంత్రందాకా ఆమె జ్ఞాపకం మీద చెబుతుంటే నేను ఒక్కొక్కటే తీసి తగిలించాను. సరిగ్గా పెట్టినా తిట్టింది.

ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. శనివారం నాకు ముందురోజు పప్పు వేడిచేసి పెట్టింది, అందరూ తినే కంచంలో. ఫ్యాను కింద చోటులో మిషను జరిపి పెట్టుకుంది. నీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు.

ఆదివారం పగలు ముగ్గురం భోజనానికి కూచున్నాం. మాటల్లేక అప్పటికి నలభై రెండు గంటలు. మా ఆవిడ అమ్మాయితో అంది, “మీ డాడీ నడుగు, ఆ కాగితం ఏం జేసిండో.”

“డాడీ, కాగితం ఏం చేసినవ్?”

“ఇంకా చూస్తున్ననని చెప్పు మీ మమ్మీకి.”

“మమ్మీ, డాడీ నీకు మస్తు సారీ చెప్తున్నడు.”

“నేనట్ల చెప్పలే” అన్నాను.

“తెలుసు. లైన్ల జర డిస్టర్బెన్స్ ఉంది” అంది అమ్మాయి. వాళ్ళ అమ్మ చారు వడ్డిస్తూ మొహం పక్కకు తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

“సూడనీకేమున్నదో అడుగు. నెలరోజులైతున్నది.”

అమ్మాయి లేచిపోయి, నా నోటుబుక్కు తెచ్చి కంచాల మధ్య పెట్టింది. ఎన్నాళ్ళనుంచి చూస్తోందో తెలియదు. పట్టిక తీసి, వేలు పెట్టి ఒక్కొక్క అంశమే గట్టిగా చదివింది. 'ఇంట్లో నా అవసరం' దగ్గర ఆగి, “ఎనిమిది, రెండు” అంది. ఈసారి గొంతులో ఆట లేదు.

మా ఆవిడ నలభై రెండు గంటల తర్వాత సూటిగా నన్ను చూసింది. “రెండేసినవా?”

“ఉన్నదే వేసిన.”

“రెండు ఎక్కువ” అంది. “నీ అవసరం ఏమున్నదీడ? మోటరు నేనేసుకుంట, బిల్లు నేను గట్టుకుంట. పై డబ్బాకు స్టూలున్నది.”

అమ్మాయి తలవంచుకుంది. నేను పెన్ను తీశాను, రెండును సున్నా చేద్దామని.

“దిద్దకు. ఆ లైనే కొట్టెయ్. అవసరముంటే మనిషిని పెట్టుకుంటం. పెద్దమ్మను పెట్టుకున్న. నువ్వు హుక్కులు కుట్టనీకి వస్తున్నవా ఇంటికి?”

“మరెందుకు రావాలె?”

“నాకేమెరుక. నీకు రావాలనున్నదా లేదా, అది నువ్వు ఈ బుక్కుల ఏడ రాసినవో చూపెట్టు.”

పన్నెండు అంశాలూ పై నుంచి కిందికి చూశాను. అది ఎక్కడా లేదు.

ఆమె కంచంలోకి చూస్తూ, ఇంకొంచెం మెల్లగా అంది. “సెలవుల మీద వచ్చినోన్ని ఎవరన్న తిడ్తరా? ఇన్నేండ్లు ఎన్ని సార్లు నాలుక మీదికి వచ్చిందో. ఇంక పన్నెండు దినాలే ఉన్నయి, పది దినాలే ఉన్నయి అని మింగిన. శుక్రవారం మింగలే. పోయేటోడివి అన్న సంగతే యాదికి రాలే నాకు.”

శుక్రవారం నాకు కలిగిన తేలికదనం ఏమిటో అప్పుడు అర్థమైంది. పదిహేడేళ్ళ నా సున్నా మంచి కాపురం లెక్క కాదు. ఆమె మింగిన మాటల లెక్క. కాగితం మీద నేనింకా ఏమీ రాయకముందే, ఆమె నన్ను ఇంటికి వచ్చేసినవాడి కిందే తిట్టింది.

“నాకు రావాలనే ఉన్నది” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

అమ్మాయి ఈలోగా ఆ లైను కొట్టేసి కూడింది. “డాడీ, నూట పదికి యాభై మూడు, యాభై ఏడు. వచ్చుడే గెలిచింది” అంది. అలవాటుకొద్దీ నేను రెండుసార్లు సరిచూశాను. కరెక్టే. అయినా ఆ యాభై ఏడు రావడానికి ముందే తేలిపోయిన సంగతి అది.

సోమవారం పొద్దున షాపులో, కటింగ్ బల్ల మీద కాగితం పెట్టి, పొడిగింపు వద్దని రాసి సంతకం చేశాను. మా ఆవిడ, ఇంకు మరక పడుతుందని కింద ఉన్న పట్టుగుడ్డ లాగేసింది. ఫొటో పంపిన అయిదు నిమిషాలకు సుబేదారు సాబ్ ఫోను. బాగా ఆలోచించావా, ఇంకా మూడు రోజులున్నాయి అన్నాడు. ఆలోచించాను సాబ్ అన్నాను. ఇంట్లో ఏమంటారు అని అడిగాడు. తిడుతున్నారు సాబ్ అన్నాను. ఆయన, అయితే సరే, మా ఇంట్లో కూడా అంతే అని పెట్టేశాడు.

నా విడుదల కాగితాలు రావడానికి ఇంకా ఏడు నెలలు పట్టింది. ఈలోగా మిగిలిన సర్వీసు పూర్తిచేయడానికి వెనక్కి పోవాలి. సెలవు చివరి రోజు ముగ్గురం సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళాం. ఎప్పుడూ ఆ రోజు ఎవరం పెద్దగా మాట్లాడేవాళ్ళం కాదు. మా ఆవిడ అరిసెలో, అప్పాలో కట్టి, జాగ్రత్తలు చెప్పి పంపేది. ఈసారి ఆటోలోనే మొదలైంది. ఇంటర్‌లో అమ్మాయి లెక్కల గ్రూపు తీసుకోవాలని నేను, పిల్లకు కామర్స్ ఇష్టమని ఆమె. అమ్మాయి మా మధ్య కూచుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ కూడా తెగలేదు.

“లెక్కలు వచ్చినోళ్లకు ఏదైనా వస్తది” అన్నాను.

“జాకెట్లు సర్దుడు తప్ప” అంది.

రైలు కూత వేసింది. ఎక్కి తలుపు దగ్గర నిలబడి, ఇంకా రెండు కారణాలున్నాయి విను అన్నాను. “ఏమొద్దు, వచ్చినంక చెప్దువు. నాయి నాలుగున్నయి” అందామె. రైలు కదిలింది. నేను రెండో కారణం గట్టిగా చెబుతూనే ఉన్నాను. ఆమె పక్కనే నాలుగడుగులు నడిచి, వినబడటం లేదని చెవి దగ్గర చెయ్యి ఊపి, అమ్మాయిని తీసుకుని మెట్లవైపు తిరిగింది.